ఒకే సీటు ఇద్దరికి అమ్ముడుపోకుండా: డేటాబేస్‌లో కచ్చితత్వం, వేగం రెండూ సాధించే పద్ధతి

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి రాజమహేంద్రవరం వెళ్లే బస్సుల్లో సీట్లు ఎంత వేగంగా అయిపోతాయో మనందరికీ తెలుసు. అమ్మకం తెరవగానే ఒకే బస్సు మీద వందల మంది చేతులు పడతాయి. ఆ తాకిడిలో 14వ నంబరు సీటు ఇద్దరికి అమ్ముడుపోతే, ఆ తప్పు బయటపడేది రాత్రివేళ బస్సు మెట్ల దగ్గర, పిల్లలతో సామానుతో నిలబడ్డ ఒక కుటుంబం ముందు. అది జరగకూడదని ప్రతి బుకింగునూ ఒకదాని వెనుక ఒకటి నిలబెడితే పేజీ కదలదు. పేజీ కదలకపోతే జనం బటన్ మళ్లీ మళ్లీ నొక్కుతారు, భారం ఇంకా పెరుగుతుంది.

ఈ రెండు ప్రమాదాల మధ్య దారి ఎలా వేసుకోవాలో ఈ మార్గదర్శిలో మెట్టు మెట్టుగా చూద్దాం. ఎంత కచ్చితత్వం వదులుకుంటే ఎంత వేగం వస్తుందనే లెక్కతో పని మొదలుపెట్టవద్దని ముందే చెబుతాను. ఈ తరహా వ్యవస్థలు నెమ్మదించడానికి నియమాల కాఠిన్యం కన్నా లాకులను (ఒకరు వాడుతున్న డేటాను మరొకరు మార్చకుండా డేటాబేస్ వేసే తాళాలను) అవసరానికి మించి పట్టుకుని కూర్చోవడమే తరచుగా కారణమవుతుంది. ఆ సమయం తగ్గిస్తే, వదులుకోవాల్సింది అనుకున్న కచ్చితత్వం చాలావరకు వదులుకోనక్కర్లేదని తేలుతుంది.

ఉదాహరణలన్నీ ఒకే బస్సు టికెట్ల వ్యవస్థ చుట్టూ ఉంటాయి. డేటాబేస్ ప్రధానంగా పోస్ట్‌గ్రెస్. మైఎస్‌క్యూఎల్ వేరుగా ప్రవర్తించే చోట ఆ తేడా చెబుతాను. ట్రాన్సాక్షన్‌ను, అంటే అంతా కలిసి జరిగే లేదా అసలు జరగని పనిని, మొదలుపెట్టే బిగిన్, ఖాయం చేసే కమిట్, రద్దు చేసే రోల్‌బ్యాక్ మీకు తెలుసనుకుంటున్నాను.

## 1. ముందు నియమాలను కాగితం మీద పెట్టండి

ఐసొలేషన్ స్థాయి (ఒకేసారి నడిచే ట్రాన్సాక్షన్లు ఒకదాని పనిని మరొకటి ఎంతవరకు చూడగలవో చెప్పే అమరిక) ఏది పెట్టాలన్నది ఇప్పుడే తేల్చకండి. ఏది ఎప్పటికీ తప్పు కాకూడదో ముందు తెలుగులో రాసుకోండి. మన వ్యవస్థకు అలాంటివి మూడు.

మొదటిది, ఒక సీటు ఒకే దూరానికి ఇద్దరికి అమ్ముడుపోకూడదు. దూరం అన్న మాట ఇక్కడ ముఖ్యం. హైదరాబాద్ నుంచి విజయవాడ వరకు ఒకరు కూర్చున్న సీటును విజయవాడ నుంచి రాజమహేంద్రవరం వరకు మరొకరికి అమ్మవచ్చు, అమ్మాలి కూడా. రెండోది, ఏజెంటు చెల్లించాల్సిన బాకీ అతని పరిమితిని దాటకూడదు. మూడోది, డబ్బు ఒకసారి తీసుకుంటే టికెట్ ఒకటే రావాలి. డబ్బు తీసుకుని టికెట్ ఇవ్వకపోతే ఆ డబ్బు వెనక్కి వెళ్లాలి.

దీని పక్కనే మరో జాబితా రాయండి: కాస్త పాతబడినా ఫరవాలేని విషయాలు. వెతికే పేజీలో కనిపించే "ఇంకా 6 సీట్లు ఉన్నాయి" అన్న సంఖ్య ఈ జాబితాలోకి వస్తుంది. అది మూడు సెకన్లు పాతదైనా ఎవరికీ నష్టం లేదు, ఎందుకంటే అమ్మకం జరిగేటప్పుడు అసలు తనిఖీ మళ్లీ జరుగుతుంది. ఆ సంఖ్యను క్యాష్ (తాత్కాలికంగా దాచిన ఫలితం) నుంచో రెప్లికా (అసలు డేటాబేస్‌కు నకలు) నుంచో చూపించవచ్చు. వేగం కోసం చేసే సర్దుబాట్లన్నీ ఈ రెండో జాబితాలోనే జరగాలి. మొదటి జాబితా జోలికి పోకూడదు.

ఈ రెండు జాబితాలు లేకుండా మొదలుపెట్టిన బృందాలు ఒక చోట అనవసరంగా లాకులు వేస్తాయి, ఇంకో చోట అవసరమైన లాకును మరిచిపోతాయి. అందుకే ఈ మెట్టును తేలికగా తీసుకోవద్దని గట్టిగా చెబుతున్నాను.

## 2. మీ డేటాబేస్ అడగకుండా ఏమి ఇస్తోందో తెలుసుకోండి

ఎస్‌క్యూఎల్ ప్రమాణం 1992లో నాలుగు ఐసొలేషన్ స్థాయిలను పేర్కొంది: రీడ్ అన్‌కమిటెడ్, రీడ్ కమిటెడ్, రిపీటబుల్ రీడ్, సీరియలైజబుల్. పేర్లు అన్ని డేటాబేస్‌లలోనూ ఒకటే, ప్రవర్తన ఒకటి కాదు. ఆ నిర్వచనాలు ఎంత అస్పష్టంగా ఉన్నాయో 1995లో జిమ్ గ్రే, ఫిల్ బెర్న్‌స్టీన్ తదితరులు ఒక పరిశోధన పత్రంలో వివరంగా చూపించారు. ప్రమాణం పేర్కొన్న మూడు దోషాలనూ తప్పించుకుని కూడా ఇంకా తప్పు ఫలితం ఇవ్వగల స్నాప్‌షాట్ ఐసొలేషన్ (ఒక క్షణం నాటి డేటా చిత్రాన్నే, అంటే స్నాప్‌షాట్‌నే, చూస్తూ పనిచేయడం) అనే పద్ధతిని ఆ పత్రమే నిర్వచించింది. నేటి డేటాబేస్‌లలో చాలావాటి లోపల నడుస్తున్నది దాదాపు అదే.

పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లు అడగకపోతే రీడ్ కమిటెడ్ ఇస్తాయి. మైఎస్‌క్యూఎల్‌లో డేటాను దాచే ఇంజిన్ అయిన ఇన్నోడీబీ రిపీటబుల్ రీడ్ ఇస్తుంది. కాక్రోచ్‌డీబీ నేరుగా సీరియలైజబుల్ ఇస్తుంది. ఒరాకిల్‌లో సీరియలైజబుల్ అని అడిగితే వచ్చేది నిజానికి స్నాప్‌షాట్ ఐసొలేషన్. పోస్ట్‌గ్రెస్ కూడా 2011లో 9.1 వెర్షన్ వచ్చేవరకు అలాగే ఉండేది. ఒక డేటాబేస్ నుంచి మరోదానికి మారేటప్పుడు పేరు చూసి ధైర్యపడకండి.

పోస్ట్‌గ్రెస్ రీడ్ కమిటెడ్‌లో గుర్తుంచుకోవాల్సింది ఒకటే: ప్రతి ఆదేశానికీ కొత్త స్నాప్‌షాట్ వస్తుంది. ఒకే ట్రాన్సాక్షన్‌లో రెండుసార్లు సెలెక్ట్ చేస్తే రెండు వేర్వేరు సమాధానాలు రావచ్చు.

## 3. తప్పును మీ కళ్లతో చూడండి

రెండు టెర్మినల్ కిటికీలు తెరిచి పక్కపక్కన పెట్టండి. ట్రిప్పుల టేబుల్‌లో "మిగిలిన సీట్లు" అనే కాలమ్ ఉందని, దాని విలువ 1 అని అనుకుందాం. ఎడమ కిటికీలో బిగిన్ చేసి ఆ విలువ చదవండి, 1 వస్తుంది. కుడి కిటికీలోనూ బిగిన్ చేసి చదవండి, అక్కడా 1 వస్తుంది. ఎడమ వైపు విలువను 0 అని రాసి టికెట్ ఇన్సర్ట్ చేసి కమిట్ చేయండి. కుడి వైపూ అదే చేయండి. పోస్ట్‌గ్రెస్ రీడ్ కమిటెడ్‌లో రెండూ విజయవంతమవుతాయి. మిగిలినవి 0, టికెట్లు రెండు. ఏ ఎర్రరూ రాలేదు, లాగ్‌లో ఏ గుర్తూ లేదు.

ఇప్పుడు అదే ప్రయోగం రిపీటబుల్ రీడ్‌లో చేయండి. పోస్ట్‌గ్రెస్ రెండో అప్‌డేట్‌ను 40001 అనే ఎర్రర్ కోడ్‌తో తిరస్కరిస్తుంది: నువ్వు చదివిన తర్వాత ఈ వరుస (టేబుల్‌లోని రో) మారింది, మళ్లీ మొదలుపెట్టు అని. మైఎస్‌క్యూఎల్‌లో మాత్రం రిపీటబుల్ రీడ్ పెట్టినా రెండో అప్‌డేట్ మౌనంగా సాగిపోతుంది. అక్కడ మామూలు సెలెక్ట్ పాత స్నాప్‌షాట్‌ను చూస్తుంది, అప్‌డేట్ మాత్రం తాజా వరుసను చూస్తుంది. పేరు ఒకటే అయినా ప్రవర్తన వేరు అన్నది ఇక్కడ పది నిమిషాల్లో అర్థమవుతుంది. మీ బృందంలోకి కొత్తగా వచ్చినవారితో ఈ ప్రయోగం తప్పక చేయించండి.

## 4. వీలైనంత భారం కన్‌స్ట్రెయింట్ల మీదే వేయండి

ఇప్పుడు కాగితం మీది నియమాలను ఒక్కొక్కటిగా తీసుకుని, దాన్ని నిజంగా కాపాడగల సాధనాల్లో అన్నిటికన్నా చవకైనదానికి అప్పగించాలి. కన్‌స్ట్రెయింట్, అంటే టేబుల్ మీదే రాసి పెట్టే నియమం, అందుకు మొదటి ఎంపిక. ఐసొలేషన్ స్థాయి ఏదైనా అది పని చేస్తుంది.

సీటును మొత్తం ప్రయాణానికే అమ్మితే ట్రిప్పు, సీటు జంట మీద ఒక యూనిక్ ఇండెక్స్ (అదే విలువను రెండోసారి రానివ్వని సూచిక) చాలు. మనకు దూరాల గొడవ ఉంది కాబట్టి పోస్ట్‌గ్రెస్‌లోని ఎక్స్‌క్లూజన్ కన్‌స్ట్రెయింట్ కావాలి. స్టాపులకు వరుస సంఖ్యలు ఇవ్వండి: హైదరాబాద్ 0, సూర్యాపేట 1, విజయవాడ 2, ఏలూరు 3, రాజమహేంద్రవరం 4. ప్రతి బుకింగులో ఎక్కే స్టాపు నుంచి దిగే స్టాపు వరకు ఒక పూర్ణాంకాల రేంజ్ దాచండి. రేంజ్‌లో మొదటి అంచు చేరుతుంది, చివరి అంచు చేరదు. కాబట్టి 0 నుంచి 2, 2 నుంచి 4 ఒకదాన్నొకటి తాకవు. ట్రిప్పు సమానం, సీటు సమానం, రేంజ్‌లు అతివ్యాపించకూడదు అన్న మూడు షరతులతో కన్‌స్ట్రెయింట్ రాయండి. సమానత్వాన్నీ రేంజ్‌నూ ఒకే ఇండెక్స్‌లో కలపడానికి బీట్రీ జిస్ట్ అనే ఎక్స్‌టెన్షన్ ముందుగా వేసుకోవాలి.

అంతటితో మొదటి నియమాన్ని డేటాబేస్ స్వయంగా కాపాడుతుంది. ఇద్దరు ఒకే క్షణంలో వస్తే రెండోవారు మొదటివారి ఫలితం కోసం ఆగుతారు. మొదటివారు కమిట్ చేస్తే రెండోవారికి 23పి01 ఎర్రర్ వస్తుంది. దాన్ని "ఈ సీటు ఇప్పుడే అమ్ముడుపోయింది" అన్న మర్యాదైన సందేశంగా మార్చండి.

రద్దయిన బుకింగులు అడ్డుపడకుండా కన్‌స్ట్రెయింట్‌కు "స్థితి రద్దు కానివి మాత్రమే" అన్న షరతు తగిలించవచ్చు. కానీ అక్కడ "గడువు ఇప్పటి సమయం కన్నా ఎక్కువ" లాంటి షరతు రాయలేరు. ఇండెక్స్ షరతులో కాలంతో పాటు మారే ఫంక్షన్‌కు అనుమతి లేదు. గడువు తీరిన హోల్డును (డబ్బు అందేవరకు సీటును ఆపి ఉంచే తాత్కాలిక బుకింగును) ఎవరో ఒకరు స్పష్టంగా రద్దు స్థితికి మార్చాలి. ఆ సంగతి ఎనిమిదో మెట్టులో వస్తుంది.

సంఖ్యల నియమాలకు ఇంతే చవకైన మరో సాధనం ఉంది: షరతుతో కూడిన అప్‌డేట్. చదివి, ప్రోగ్రాంలో తీసివేసి, తిరిగి రాసే బదులు "మిగిలినవి 2 కన్నా తక్కువ కాకపోతే 2 తగ్గించు" అని ఒకే ఆదేశం ఇవ్వండి. ఎన్ని వరుసలు మారాయో తప్పక చూడండి. 0 వస్తే సీట్లు లేవని అర్థం. పోస్ట్‌గ్రెస్ రీడ్ కమిటెడ్‌లో ఈ అప్‌డేట్ మరొకరి లాక్ కోసం ఆగి లేచినప్పుడు, కొత్త వరుస మీద షరతును మళ్లీ పరీక్షిస్తుంది. మూడో మెట్టులో చూసిన తప్పు ఇక్కడ జరిగే వీలే లేదు. వరుసల సంఖ్య చూడటం మరిచిపోతే మాత్రం చేసిన పనంతా వృథా.

## 5. లాక్ వేయక తప్పని చోట క్రమం తప్పకండి

కొన్నిసార్లు చదివి ఆలోచించి రాయక తప్పదు. ఉదాహరణకు నలుగురి కుటుంబానికి పక్కపక్క సీట్లు వెతకాలి. అప్పుడు సెలెక్ట్ చివర ఫర్ అప్‌డేట్ చేర్చి వరుసలను పట్టుకోవాలి.

ఇక్కడ డెడ్‌లాక్ పుడుతుంది. ఒకరు 14 పట్టుకుని 15 కోసం, ఇంకొకరు 15 పట్టుకుని 14 కోసం ఆగుతారు. మందు పాతదే, ఇప్పటికీ దానికి సాటి లేదు: అందరూ ఒకే క్రమంలో లాకులు తీసుకోవాలి. సీటు నంబరు ప్రకారం ఆర్డర్ బై పెట్టి ఫర్ అప్‌డేట్ చేయండి. మారని కాలమ్ మీదే క్రమం పెట్టండి. ధర లాంటి మారే కాలమ్ మీద పెడితే లాక్ కోసం ఆగిన సమయంలో క్రమం చెదిరిపోవచ్చు. అనేక టేబుళ్లు ఉంటే వాటికీ ఒక క్రమం రాసి పెట్టుకోండి: ముందు సీట్లు, చివర ఏజెంటు. డెడ్‌లాక్ పడిందో లేదో పోస్ట్‌గ్రెస్ ఒక సెకను ఎదురుచూశాక పరీక్షిస్తుంది. అంటే ప్రతి డెడ్‌లాక్‌కూ వినియోగదారుడు కనీసం ఒక సెకను పోగొట్టుకుంటాడు.

సీటు ఏదైనా ఫరవాలేదు, ఒకటి ఇస్తే చాలు అనే వారికి స్కిప్ లాక్డ్ వాడండి. ఎవరో పట్టుకున్న వరుసను దాటి తరువాతి ఖాళీ సీటును ఇస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో 9.5 నుంచి, మైఎస్‌క్యూఎల్‌లో 8.0 నుంచి ఇది ఉంది. ఎస్‌ఎంఎస్‌లు పంపే క్యూ, గడువు తీరిన హోల్డులు తుడిచే పని లాంటి వాటికి ఇంతకన్నా తేలికైనది లేదు. దాటేసిన వరుసలు ఫలితంలో కనిపించవు కాబట్టి లెక్కలు వేయడానికి మాత్రం దీన్ని వాడకూడదు.

బుకింగుల టేబుల్ నుంచి ట్రిప్పుల టేబుల్‌కు ఫారిన్ కీ (బుకింగు తన ట్రిప్పును సూచించే లింకు) ఉంటే, ప్రతి బుకింగు ఇన్సర్ట్ ఆ ట్రిప్పు వరుస మీద ఒక చిన్న లాక్ తీసుకుంటుంది. డిపో సిబ్బంది బయలుదేరే సమయం మార్చడానికి అదే వరుసను ఫర్ అప్‌డేట్‌తో పట్టుకుంటే ఆ బస్సు బుకింగులన్నీ ఆగిపోతాయి. కీ మార్చడం లేదు కాబట్టి ఫర్ నో కీ అప్‌డేట్ వాడితే చాలు, రెండూ పక్కపక్కనే సాగుతాయి. ఒక్క మాట మార్పుతో ఇంత లాభం ఇచ్చేవి అరుదు.

అసలు పట్టుకోవడానికి వరుసే లేకపోతే? పోస్ట్‌గ్రెస్‌లో లేని వరుస మీద ఫర్ అప్‌డేట్ దేన్నీ లాక్ చేయదు. మైఎస్‌క్యూఎల్ రిపీటబుల్ రీడ్‌లో అది ఖాళీ జాగాను లాక్ చేస్తుంది, కానీ ఇద్దరికీ ఆ జాగా లాక్ దొరుకుతుంది. తర్వాత ఇద్దరూ ఇన్సర్ట్ చేయబోయి ఒకరి కోసం ఒకరు ఆగి డెడ్‌లాక్ అవుతారు. "ఉందా లేదా చూసి, లేకపోతే పెట్టు" అనే పనికి లాకులను నమ్ముకోకండి. యూనిక్ కన్‌స్ట్రెయింట్ పెట్టి నేరుగా ఇన్సర్ట్ చేయండి.

## 6. ఏజెంటు పరిమితి: స్నాప్‌షాట్ చూడలేని తప్పు

ఏజెంటు పరిమితి 50,000 రూపాయలు, ఇప్పటి బాకీ 40,000. అతని రెండు కౌంటర్ల నుంచి ఒకేసారి 8,000 చొప్పున రెండు బుకింగులు వచ్చాయి. ప్రతి ట్రాన్సాక్షన్ బాకీల మొత్తం కూడింది, 48,000 అవుతుంది, పరిమితి లోపలే ఉంది, సరే అనుకుని తన వరుసను ఇన్సర్ట్ చేసింది. ఇద్దరూ వేర్వేరు వరుసలు రాశారు కాబట్టి ఢీకొన్న చోటంటూ లేదు. రిపీటబుల్ రీడ్‌లో కూడా ఇది పట్టుబడదు. బాకీ 56,000కు చేరింది. దీన్ని రైట్ స్క్యూ అంటారు. ప్రమాదకరమైనది ఎందుకంటే కోడ్ చదివితే ప్రతి అడుగూ సరిగ్గానే కనిపిస్తుంది.

మూడు దారులున్నాయి. వీటిలో నాకు నచ్చినది మొదటిది: ఏజెంటు వరుసలోనే "వాడిన మొత్తం" కాలమ్ పెట్టి, షరతుతో కూడిన అప్‌డేట్ చేయడం. వాడినది పరిమితిని దాటకూడదన్న చెక్ కన్‌స్ట్రెయింట్ కూడా తగిలించండి. రెండోది, కూడిక చేసే ముందు ఏజెంటు వరుసను లాక్ చేయడం. ఆ ఏజెంటు బుకింగులు వరుసగా నడుస్తాయి, మిగతా ఏజెంట్లకు ఏ అడ్డంకీ ఉండదు. ఈ దారిలో వెళితే రీడ్ కమిటెడ్‌లోనే ఉండండి. రిపీటబుల్ రీడ్‌లో స్నాప్‌షాట్ ముందే తీసుకుని ఉంటే, లాక్ దొరికిన తర్వాత కూడా కూడిక పాత వరుసల మీదే జరగవచ్చు.

మూడోది సీరియలైజబుల్. నియమం అనేక టేబుళ్ల మీద విస్తరించి, ఏ ఒక్క వరుసకూ ముడిపెట్టలేనప్పుడు ఇదే సరైనది. పోస్ట్‌గ్రెస్ పద్ధతికి మూలం కాహిల్, రోమ్, ఫెకెటె 2008లో ప్రచురించిన పరిశోధన. చదివేవారు రాసేవారిని ఆపరు. ఎవరు ఏమి చదివారో డేటాబేస్ గుర్తుపెట్టుకుని, ప్రమాదకరమైన అల్లిక కనిపించినప్పుడు ఒక ట్రాన్సాక్షన్‌ను 40001తో రద్దు చేస్తుంది. కాబట్టి ఖర్చు ఎదురుచూపుల రూపంలో కాకుండా రద్దుల రూపంలో వస్తుంది.

ఆ రద్దులు తగ్గించడం మీ చేతిలో ఉంది. ఇండెక్స్ లేక టేబుల్ మొత్తం చదివితే, మొత్తం టేబుల్‌నే చదివినట్టు గుర్తు పడుతుంది. ఎవరు ఏమి రాసినా అనుమానమే. సరైన ఇండెక్స్ ఉంటే అనుమానం కొన్ని వరుసలకే పరిమితమవుతుంది. చదవడానికే వచ్చిన ట్రాన్సాక్షన్‌ను రీడ్ ఓన్లీ అని ప్రకటించండి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ నియమాన్ని తాకే ట్రాన్సాక్షన్లన్నీ సీరియలైజబుల్‌గా ఉండాలి. ఒక్కటి రీడ్ కమిటెడ్‌లో నడిచినా రక్షణ పోతుంది.

## 7. మళ్లీ ప్రయత్నించడం ఒక నైపుణ్యం

రిపీటబుల్ రీడ్, సీరియలైజబుల్, డెడ్‌లాక్ ఈ మూడింటికీ ఉమ్మడి షరతు: ప్రోగ్రాం మళ్లీ ప్రయత్నించగలగాలి. 40001, డెడ్‌లాక్‌కు వచ్చే 40పి01 కోడ్‌లను పట్టుకుని మొత్తం ట్రాన్సాక్షన్‌ను మొదటి నుంచి, చదవడంతో సహా, తిరిగి నడపండి. పాతగా చదివిన విలువలను దాచుకుని చివరి అప్‌డేట్ మాత్రమే తిరిగి ప్రయత్నిస్తే, డేటాబేస్ అడ్డుకున్న తప్పును మీరే మళ్లీ చేసినట్టు. మూడు నుంచి ఐదు ప్రయత్నాల పరిమితి పెట్టండి. ప్రయత్నాల మధ్య విరామం పెరుగుతూ పోవాలి, అందులో కొంత యాదృచ్ఛికత ఉండాలి. లేకపోతే ఢీకొన్న ఇద్దరూ మళ్లీ ఒకే క్షణంలో వచ్చి ఢీకొంటారు.

మైఎస్‌క్యూఎల్‌లో ఒక ఉచ్చు ఉంది. 1213 డెడ్‌లాక్ ఎర్రర్ వస్తే ట్రాన్సాక్షన్ మొత్తం రద్దవుతుంది. 1205, అంటే లాక్ కోసం ఎదురుచూసి గడువు తీరిన ఎర్రర్, మామూలు అమరికలో ఆ ఒక్క ఆదేశాన్ని మాత్రమే రద్దు చేస్తుంది. ట్రాన్సాక్షన్ ఇంకా తెరిచే ఉంటుంది, అంతకుముందు పట్టిన లాకులూ ఉంటాయి. మీరే రోల్‌బ్యాక్ చేయాలి. ఆ గడువు మామూలుగా 50 సెకన్లు; బుకింగు పేజీకి ఇది చాలా ఎక్కువ, రెండు మూడు సెకన్లకు తగ్గించండి.

కమిట్ పంపాక నెట్‌వర్క్ తెగిపోతే అది జరిగిందో లేదో మీకు తెలియదు. దీనికి మందు బుకింగు గుర్తు. పేజీ తెరిచినప్పుడే ఒక ప్రత్యేక గుర్తు తయారుచేసి, దాని మీద యూనిక్ కన్‌స్ట్రెయింట్ పెట్టండి. తిరిగి ప్రయత్నించినప్పుడు ఆ గుర్తు ఇప్పటికే ఉంటే, కొత్త టికెట్ ఇవ్వకుండా పాత టికెట్‌నే చూపండి. బటన్ రెండుసార్లు నొక్కినవారినీ ఇదే కాపాడుతుంది. ఎస్‌ఎంఎస్ పంపడం లాంటి వెనక్కి తీసుకోలేని పనులను ట్రాన్సాక్షన్ లోపల చేయకండి. పంపాల్సినదాన్ని ఒక టేబుల్‌లో రాసి, కమిట్ తర్వాత వేరే ప్రాసెస్ పంపేలా చూడండి.

## 8. చెల్లింపు జరుగుతున్నంతసేపు లాక్ పట్టుకోవద్దు

మొత్తం మార్గదర్శిలో ఒకే ఒక మెట్టు అమలు చేస్తామంటే ఇది చేయండి. ప్రయాణికుడు యూపీఐ యాప్ తెరిచి, పిన్ కొట్టి, బ్యాంకు జవాబు వచ్చేవరకు ట్రాన్సాక్షన్ తెరిచి ఉంచితే, ఆ సీటు మీదా ఏజెంటు వరుస మీదా లాకులు నిమిషాల పాటు నిలుస్తాయి. కనెక్షన్లు అయిపోతాయి. పోస్ట్‌గ్రెస్‌లో పాత వరుసలను వాక్యూమ్ అనే శుభ్రపరిచే ప్రక్రియ తొలగించలేకపోతుంది.

పనిని రెండు చిన్న ట్రాన్సాక్షన్లుగా విడగొట్టండి. మొదటిది హోల్డు అనే స్థితితో, పది నిమిషాల గడువుతో బుకింగు వరుసను ఇన్సర్ట్ చేసి వెంటనే కమిట్ చేస్తుంది. ఎక్స్‌క్లూజన్ కన్‌స్ట్రెయింట్ ఉంది కాబట్టి ఆ సీటు ఇప్పుడు ఎవరికీ దొరకదు, అయినా ఏ లాకూ తెరిచి లేదు. డబ్బు అందిన కబురు వచ్చాక రెండోది "స్థితి ఇంకా హోల్డులోనే ఉంటే ఖరారు చేయి" అని అప్‌డేట్ చేస్తుంది. ఒక వరుస మారితే టికెట్ ఖాయం. సున్నా వస్తే గడువు తీరిపోయిందని అర్థం. డబ్బు వాపసు పని మొదలుపెట్టాలి.

గడువు తీరిన హోల్డులను తుడిచే ప్రాసెస్ కూడా అదే షరతుతో, అంటే స్థితి హోల్డులో ఉంటేనే, మార్చాలి. చెల్లింపు కబురూ తుడిచే ప్రాసెసూ ఒకే క్షణంలో వచ్చినా ఒకరే గెలుస్తారు, రెండోవారికి సున్నా వరుసలు వస్తాయి. ప్రయాణికుడికి చూపించే గడియారాన్ని అసలు గడువు కన్నా కాస్త ముందే ముగించండి. చివరి క్షణంలో డబ్బు కట్టి సీటు పోగొట్టుకునేవారు తగ్గుతారు. చెల్లింపు కబురు రెండుసార్లు రావడం మామూలే కాబట్టి చెల్లింపు నంబరు మీద కూడా యూనిక్ పెట్టండి.

## 9. అందరూ తాకే ఒకే వరుస

లాక్ తీసుకున్న క్షణం నుంచి కమిట్ పూర్తయ్యేవరకు 8 మిల్లీసెకన్లు పడితే, ఆ వరుస మీద సెకనుకు 125 ట్రాన్సాక్షన్లకు మించి జరగవు. 2 మిల్లీసెకన్లకు తగ్గిస్తే 500 అవుతాయి. ఎంత పెద్ద సర్వరు కొన్నా ఈ లెక్క మారదు. ఈ సమయంలో అప్లికేషన్‌కూ డేటాబేస్‌కూ మధ్య నెట్‌వర్క్ ప్రయాణాలు, కమిట్ వేళ డిస్కు రాత కూడా కలిసే ఉంటాయి. రెండూ ఒకే డేటా సెంటరులో ఉండటం అందుకే ముఖ్యం.

అందువల్ల ఎక్కువమంది తాకే వరుసను ట్రాన్సాక్షన్‌లో చివరి ఆదేశంగా అప్‌డేట్ చేయండి. ఏజెంటు వరుసను చివర పెట్టమని ఐదో మెట్టులో చెప్పింది ఇందుకే. మనం మూడో మెట్టులో వాడిన "మిగిలిన సీట్లు" కాలమ్ సంగతి? దాన్ని తీసేయమంటాను. ఒక బస్సులో ఉండేవి నలభై చిల్లర సీట్లు. ట్రిప్పు మీద ఇండెక్స్ ఉంటే బుకింగుల నుంచి లెక్కపెట్టడం క్షణంలో అయిపోతుంది, సీటు నియమాన్ని కన్‌స్ట్రెయింట్ ఇప్పటికే కాపాడుతోంది. ఆ కాలమ్ వల్ల మిగిలేది తాకిడి ఒక్కటే. మొత్తం అమ్మకాల లాంటి గణాంకాలకు కౌంటరు కావాలంటే దాన్ని ఎనిమిదో పదహారో వరుసలుగా విడగొట్టి, చదివేటప్పుడు కూడండి.

డిపో సిబ్బంది బస్సు వివరాలు సవరించే తెర లాంటి, తాకిడి తక్కువ ఉన్న చోట్ల వెర్షన్ నంబరు చాలు: "వెర్షన్ ఇంకా 7 అయితేనే మార్చు, 8 చేయి". కుంగ్, రాబిన్సన్ 1981లో ప్రతిపాదించిన ఆశావాద పద్ధతికి ఇది నేటి సాదా రూపం. పండుగ సీట్ల లాంటి తాకిడిలో మాత్రం దీన్ని వాడకండి, చేసిన పనిలో చాలా భాగం పారేయాల్సి వస్తుంది.

## 10. కొలవండి, కాపలా పెట్టండి

పోస్ట్‌గ్రెస్‌లో ఎవరు ఎవరిని ఆపుతున్నారో పీజీ బ్లాకింగ్ పిడ్స్ ఫంక్షన్ చెబుతుంది. లాగ్ లాక్ వెయిట్స్ ఆన్ చేస్తే ఒక సెకను మించిన ఎదురుచూపులు లాగ్‌లో పడతాయి. ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ సెషన్ టైమౌట్ పెడితే బిగిన్ చేసి మరిచిపోయిన కనెక్షన్లు తెగిపోతాయి. మైఎస్‌క్యూఎల్ 8.0లో ఎవరు ఎవరిని ఆపుతున్నారో పెర్ఫార్మెన్స్ స్కీమాలోని డేటా లాక్ వెయిట్స్ టేబుల్ చెబుతుంది, ఏ లాకులు పట్టి ఉన్నాయో డేటా లాక్స్ టేబుల్ చూపిస్తుంది. అక్కడ ఇండెక్స్ లేని అప్‌డేట్ చూసిన వరుసలన్నిటినీ లాక్ చేస్తుందన్నది కూడా అందులోనే కళ్లకు కడుతుంది. పండుగ వారంలో టేబుల్ నిర్మాణం మార్చక తప్పకపోతే లాక్ టైమౌట్‌ను రెండు సెకన్లకు తగ్గించి నడపండి. ఆల్టర్ టేబుల్ ఒక పొడవైన రిపోర్టు వెనుక ఆగితే, దాని వెనుక బుకింగులన్నీ ఆగుతాయి.

భారం పరీక్ష చేసేటప్పుడు అభ్యర్థనలను వెయ్యి బస్సులకు సమానంగా పంచకండి. అసలు తాకిడి అలా ఉండదు. సగానికి పైగా అభ్యర్థనలు మూడు నాలుగు బస్సుల మీద పడేలా చేయండి; పోస్ట్‌గ్రెస్ భారం పరీక్ష సాధనమైన పీజీ బెంచ్‌లో జిప్ఫియన్ పంపిణీ (కొన్నిటి మీదే ఎక్కువ అభ్యర్థనలు పడే పంపిణీ) ఇందుకు పనికొస్తుంది. సెకనుకు ఎన్ని అన్నదానితో పాటు రద్దుల శాతం, అత్యంత నెమ్మదైన ఒక శాతం అభ్యర్థనల సమయం కూడా చూడండి. కనెక్షన్ల పూల్‌ను పెద్దది చేస్తే వేగం పెరుగుతుందన్న ఆశ పెట్టుకోవద్దు. ఒకే వరుస కోసం ఆగే వారి సంఖ్య మాత్రమే పెరుగుతుంది.

రెప్లికా నుంచి చదివి అసలు డేటాబేస్‌లో రాసే కోడ్ ఎక్కడైనా ఉందేమో వెతకండి. రెప్లికా వెనుకబడి ఉండవచ్చు, పైగా పోస్ట్‌గ్రెస్ రెప్లికాలో సీరియలైజబుల్ దొరకదు. మొదటి జాబితాలోని నియమాల మీద నిర్ణయం తీసుకునే ప్రతి రీడూ అసలు డేటాబేస్‌లో, రాసే ట్రాన్సాక్షన్ లోపలే జరగాలి.

పరీక్ష ముగిశాక కాగితం మీది మూడు నియమాలకూ మూడు క్వెరీలు నడపండి: అతివ్యాపించిన సీట్లు, పరిమితి దాటిన ఏజెంట్లు, టికెట్ గానీ వాపసు గానీ లేని చెల్లింపులు. మూడింటిలోనూ సున్నా వరుసలు రావాలి. వీటినే అసలు వ్యవస్థలో ప్రతి రాత్రీ నడిపించండి. ఏ రోజైనా ఒక వరుస కనిపిస్తే, బుకింగు పేజీ కోడ్‌తో పాటు ఇతర దారులనూ వెతకండి: కాల్ సెంటరు తెర, డిపో కౌంటరు, ఎవరో చేత్తో నడిపిన సవరణ స్క్రిప్టు. లాకుల క్రమశిక్షణ దాన్ని పాటించే కోడ్‌ను మాత్రమే కట్టడి చేస్తుంది, కన్‌స్ట్రెయింట్ ఆ దారులన్నిటినీ కట్టడి చేస్తుంది. కాబట్టి అలా దొరికిన ప్రతి లోపానికీ, వీలున్న చోటల్లా, కోడ్ సవరణతో పాటు ఒక కన్‌స్ట్రెయింట్ కూడా చేర్చండి.